ఒంటికి వెళితే మంటెందుకు?

“వేడి చేసింది. కాసిని మజ్జిగ పట్టండి, అదే తగ్గిపోతుంది.”

మూడేళ్ళదో నాలుగేళ్ళదో పసిపిల్ల ఒంటికి కూర్చుని “అమ్మా, మంట!” అని ఏడిస్తే మన ఇళ్ళల్లో మొట్టమొదట వినిపించే మాట ఇది. వెంటనే బార్లీ నీళ్ళు కాస్తారు. సబ్జా గింజలు నానబెడతారు. కొబ్బరిబోండాం కొట్టిస్తారు. బొడ్డు చుట్టూ ఆముదం రాస్తారు. చాలాసార్లు సాయంత్రానికల్లా పిల్ల మళ్ళీ ఆటల్లో పడుతుంది. కొన్నిసార్లు మాత్రం మంట తగ్గదు. రాత్రికి ఒళ్ళు కాలిపోతుంది.

మరి పెద్దవాళ్ళ మాటలో నిజం ఎంత? ఏ మంట నీళ్ళతో తగ్గుతుంది? ఏది తగ్గదు? ఈ సంగతి మీరు తెలుసుకోవడం చాలా అవసరం. అమ్మానాన్నలు పనికి వెళ్ళిన ఇంట్లో తమ్ముణ్ణో చెల్లినో కనిపెట్టుకుని ఉండేది ఏ ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో చదివే అక్కే, అన్నే. పసివాళ్ళు తమ బాధ ముందుగా చెప్పుకునేది మీతోనే.

చిక్కబడిన మూత్రం

నడుముకు కాస్త పైన, వెన్నెముకకు చెరోపక్క చిక్కుడుగింజ ఆకారంలో రెండు మూత్రపిండాలు ఉంటాయని మీ పాఠంలో చదివే ఉంటారు. ఒక్కో దానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. పెద్దవాళ్ళలో ఇవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. అందులో 178 లీటర్లకు పైగా తిరిగి రక్తంలోకే పంపేస్తాయి. మిగిలిన లీటరో లీటరున్నరో మూత్రంగా బయటికి వస్తుంది. శరీరానికి అక్కరలేని యూరియా, ఎక్కువైన లవణాలు అందులో కరిగి ఉంటాయి.

ఎంత నీటిని వెనక్కు పంపాలి, ఎంత బయటికి వదలాలి అన్నది ఒంట్లో ఉన్న నీటిని బట్టి ఉంటుంది. పిల్లలు మిట్టమధ్యాహ్నం ఎండలో గెంతి, చెమటలు కార్చి, ఆట ధ్యాసలో నీళ్ళు తాగడం మరిచిపోయారనుకోండి. అప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి వాసోప్రెస్సిన్ అనే హార్మోను ఎక్కువగా విడుదలవుతుంది. “నీటిని పొదుపు చేయండి” అని మూత్రపిండాలకు అది ఇచ్చే ఉత్తర్వు అన్నమాట. దాంతో మూత్రం తక్కువగా, చిక్కగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. వేలిమీద గీరుకున్న చోట నిమ్మరసం పడితే చురుక్కుమంటుంది. అదే నాలుగు చుక్కల రసం చెంబెడు నీళ్ళలో కలిపితే ఆ చురుకు తెలియదు. చిక్కటి మూత్రం సంగతీ అంతే.

“వేడి చేసింది” అనే మాటలోని నిజం ఇదే. నిజానికి మూత్రం వేడి ఏమీ పెరగదు. ఒంటి వేడి ఎంతో దాని వేడీ అంతే. పెరిగింది చిక్కదనం. నీళ్ళు బాగా తాగిస్తే కొన్ని గంటల్లో మూత్రం రంగు తేలుతుంది, మంట తగ్గుతుంది. మజ్జిగ పట్టినా, బార్లీ పట్టినా, కొబ్బరినీళ్ళు పట్టినా ఇక్కడ ముఖ్యంగా పనిచేసేది వాటిలో ఉన్న నీరే.

రంగు గురించి ఇంకో మాట. బీట్‌రూట్ కూర తిన్న కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. బి-కాంప్లెక్స్ బిళ్ళలు మింగితే పచ్చగా మెరుస్తూ వస్తుంది. ఇందులో భయపడవలసిందేమీ లేదు. అలాంటి కారణం ఏదీ లేకుండా ఎర్రగా వస్తే మాత్రం డాక్టరుకు చూపించాలి.

మంట చర్మానిదైతే

రెండో కారణం బయటి చర్మంలో ఉంటుంది. తడిసిన చెడ్డీతోనే గంటలకొద్దీ తిరగడం, డైపరు వేళకు మార్చకపోవడం, గాలి ఆడని బిగుతు బట్టలు, ఘాటైన సబ్బుతో గట్టిగా రుద్దడం – వీటివల్ల ఆ లేత చర్మం ఒరుసుకుపోయి ఎర్రబడుతుంది. ఉప్పు కలిసిన మూత్రం దానికి తగలగానే మండుతుంది. ఇక్కడ మూత్రంలో లోపమేమీ లేదు. చర్మాన్ని ఉత్త నీటితో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, పొడిగా ఉంచితే చాలామట్టుకు నయమవుతుంది.

కొందరు పిల్లలు రాత్రిళ్ళు మలద్వారం దగ్గర దురదతో నిద్రపోరు. తెల్లటి దారప్పోగుల్లాంటి చిన్న పురుగులు రాత్రివేళ పేగులో నుంచి బయటికి వచ్చి, అక్కడి చర్మంమీద గుడ్లు పెట్టడమే దీనికి కారణం. ఆడపిల్లల్లో ఇవి ముందువైపుకు పాకి అక్కడా దురద, మంట కలిగిస్తాయి. దీనికి డాక్టరు చెప్పిన మందు వాడాలి. మళ్ళీ రాకుండా గోళ్ళు కత్తిరించడం, చేతులు కడగడం, పక్కబట్టలు ఉతకడం కూడా అంతే ముఖ్యం.

దారి తప్పిన బాక్టీరియా

మూడో కారణమే అసలు జాగ్రత్తపడవలసింది. 1885లో థియొడోర్ ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు పసివాళ్ళ మలాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తూ కడ్డీ ఆకారంలో ఉన్న ఒక బాక్టీరియాను వర్ణించాడు. ఆయన పేరుతోనే ఇప్పుడు దాన్ని ఎషెరిషియా కోలై అంటున్నాం. పొడవు సుమారు ఒక మిల్లీమీటరులో 500వ వంతు. ఇది మనందరి పేగుల్లోనూ ఉంటుంది. అక్కడున్నంత సేపు ఇందులో చాలా రకాలు మనకు కీడు చేయవు. కాని మలద్వారం నుంచి మూత్రద్వారానికి చేరి, అక్కడినుంచి పైకి ఎక్కితే చిక్కు వస్తుంది. పిల్లల మూత్రంలో వచ్చే ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం దీనివల్లనే.

ఎక్కవలసిన దారి ఎంత? పెద్దవాళ్ళలో మూత్రనాళం మగవారికి సుమారు 20 సెంటీమీటర్లు, ఆడవారికి సుమారు 4 సెంటీమీటర్లు. పసిపిల్లల్లో ఇంకా తక్కువ. పైగా ఆడపిల్లల్లో రెండు ద్వారాలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే పుట్టిన కొత్తల్లో ఈ ఇన్ఫెక్షను మగపిల్లల్లో ఎక్కువగా కనిపించినా, ఏడాది దాటాక ఆడపిల్లల్లోనే ఎక్కువ. ఇది శరీర నిర్మాణం వల్ల వచ్చిన తేడా. “శుభ్రం తెలియని పిల్ల” అని దెప్పడానికి ఇందులో ఏమీ లేదు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. అన్నీ అనుకూలిస్తే ఈ బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. ఒకటి మూత్రాశయంలోకి చేరిందనుకోండి. రెండు గంటల్లో ఆరుసార్లు రెట్టింపై 64 అవుతుంది. ఆరు గంటల్లో 18 సార్లు రెట్టింపై ఎంతవుతుంది? కాగితం మీద వేసి చూడండి: 2,62,144! మూత్రంలో ఇది ఇంత జోరుగా పెరగకపోవచ్చు. అయినా లెక్క నేర్పే పాఠం ఒకటే. పారే కాలువలో నాచు పట్టదు, నిలవ ఉన్న కుంటలో పడుతుంది. మనం ఒంటికి వెళ్ళిన ప్రతిసారీ పైనుంచి వచ్చే మూత్రం నాళాన్ని కడిగేస్తుంది. శరీరం ఏర్పాటు చేసుకున్న మొదటి రక్షణ అదే.

నాలుగేళ్ళ పిల్ల మూత్రాశయంలో పట్టేది సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ముప్పావు గ్లాసు. అది రెండు మూడు గంటల్లో నిండుతుంది. ఆట మధ్యలో లేవడం ఇష్టంలేక పిల్లలు కాళ్ళు మెలివేసుకుని బిగబడతారు. అక్కడ కుంట తయారవుతుంది. మలబద్ధకం ఉంటే మరో ఇబ్బంది. మూత్రాశయం వెనకనే పెద్దపేగు చివరిభాగం ఉంటుంది. గట్టిపడిన మలం అక్కడ నిలిచిపోతే అది మూత్రాశయాన్ని ఒత్తుతుంది. దాంతో మూత్రం పూర్తిగా ఖాళీ కాదు.

నీళ్ళు మాత్రమే ఎందుకు చాలవు?

మూత్రం బాక్టీరియాను కడిగేస్తుంటే, కడివెడు నీళ్ళు తాగిస్తే సరిపోదా? సరిపోదు. రోగం తెచ్చే రకాల ఒంటిమీద సన్నటి నూగులాంటి పోగులుంటాయి. పల్లేరుకాయ బట్టకు అంటుకున్నట్టు ఇవి మూత్రాశయపు లోపలి పొరకు అంటుకుంటాయి. ఎంత నీరు పారినా ఊడిరావు. ఆ పొర వాస్తుంది, మండుతుంది. కొద్దిగా నిండినా “ఇప్పుడే వెళ్ళాలి” అనిపిస్తుంది. వెళితే నాలుగు చుక్కలే. అక్కడ నుంచి బాక్టీరియా ఇంకా పైకి వెళ్ళవచ్చు.

మూత్రపిండం నుంచి దిగే గొట్టం మూత్రాశయపు గోడలోకి ఏటవాలుగా చొచ్చుకు వస్తుంది. మూత్రాశయం నిండిన కొద్దీ ఆ భాగం నొక్కుకుని మూసుకుపోతుంది. సైకిలు ట్యూబు వాల్వులో గాలి లోపలికి పోతుందే గాని వెనక్కు రాదు చూడండి, అలాంటి ఏర్పాటే ఇది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ ఏర్పాటు సరిగా ఉండదు. మూత్రం వెనక్కు ఎగదన్నుతుంది. దాంతోపాటు బాక్టీరియా మూత్రపిండాన్ని చేరుతుంది. అప్పుడు చలిజ్వరం, వాంతులు, నడుము పక్కన నొప్పి వస్తాయి. పదేపదే ఇలా జరిగి, వైద్యం ఆలస్యమైతే మూత్రపిండంలో మచ్చలు పడతాయి. మచ్చ పడినచోట నెఫ్రాన్లు మళ్ళీ పుట్టవు. “రెండు రోజులు చూద్దాం, వేడే అయ్యుంటుంది” అనే మాటలో ఉన్న ప్రమాదం ఇదే.

పసివాళ్ళు ఎలా చెబుతారు?

మాటలు వచ్చిన పిల్ల “మంట” అంటుంది. రాని పిల్ల ఏమంటుంది? ఒంటికి పోసేటప్పుడు ముఖం చిట్లించి ఏడుస్తుంది. జలుబు, దగ్గు ఏమీ లేకుండా జ్వరం వస్తుంది. పాలు వద్దంటుంది, వాంతి చేసుకుంటుంది. పక్క తడపడం మానేసిన పిల్లవాడు ఉన్నట్టుండి మళ్ళీ తడపడం మొదలుపెడతాడు. పొత్తికడుపు పట్టుకుంటాడు. పక్క తడిపినందుకు దెబ్బ తిన్న పిల్లవాడు మర్నాటి నుంచి బాధను దాచుకుంటాడు. అందుకే ముందుగా కొట్టకూడదు, ఎగతాళి చేయకూడదు.

మూత్ర పరీక్షలో ఏం చూస్తారు?

కంటితో చూసి, వాసన చూసి ఇన్ఫెక్షను ఉందో లేదో తేల్చలేం. పరీక్ష చేయించాలి. ముందుగా నీటితో కడిగి, మొదటి ధారను వదిలేసి, మధ్య ధారను ఆసుపత్రివారిచ్చిన శుభ్రమైన డబ్బాలో పట్టాలి. చర్మం మీది బాక్టీరియా మొదటి ధారతో కొట్టుకుపోతుంది గనుక ఇలా చేస్తారు. పట్టిన మూత్రాన్ని వెంటనే లాబొరేటరీకి చేర్చాలి. బయట పెట్టేస్తే మనం వేసిన లెక్క ఆ డబ్బాలోనే నడుస్తుంది!

అక్కడ సూక్ష్మదర్శినిలో చీముకణాలు చూస్తారు. ఇవి మన తెల్లరక్తకణాలే, బాక్టీరియాతో పోరాడటానికి వచ్చినవి. రసాయనం పూసిన కాగితపు పట్టీని ముంచి చూసే పద్ధతి కూడా ఉంది. కోలై వంటి బాక్టీరియా మూత్రంలోని నైట్రేటును నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు తగిలితే పట్టీ గులాబి రంగుకు మారుతుంది. అయితే ఈ మార్పుకు కొన్ని గంటలు పడుతుంది. పసిపిల్లలు తరచుగా ఒంటికి వెళతారు కాబట్టి ఇన్ఫెక్షను ఉన్నా పట్టీ రంగు మారకపోవచ్చు.

అందుకే కల్చరు పరీక్ష చేస్తారు. అగర్ అనే జిగురు పదార్థం మీద మూత్రాన్ని పూసి 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచుతారు. ఈ అగర్‌ను బాక్టీరియా పెంచడానికి వాడవచ్చని 1881లో సూచించింది ఫాన్నీ హెస్సే అనే గృహిణి. ఆమె దాన్ని తన వంటింట్లో జెల్లీలు చేయడానికి వాడేది! ఒక్కో బాక్టీరియా పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. ఒక మిల్లీలీటరుకు లక్ష, అంతకు మించి ఉంటే ఇన్ఫెక్షనుగా లెక్కించే పద్ధతి 1950లలో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ కాస్ పరిశోధనలతో వాడుకలోకి వచ్చింది. తరవాత వేర్వేరు మందులు అద్దిన కాగితపు బిళ్ళలను ఆ పెరుగుదల మీద పెడతారు. ఏ బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగకుండా ఖాళీ వలయం ఏర్పడితే ఆ మందు పనిచేస్తుందన్నమాట.

మీరు చేయవలసింది

1. పిల్ల మాట నమ్మండి. ఎప్పటినుంచి మంట? ఒంటికి పోసేటప్పుడేనా, ఎప్పుడూనా? పొద్దుటినుంచి ఎన్నిసార్లు వెళ్ళింది? రంగు ఎలా ఉంది? మెల్లగా అడిగి తెలుసుకోండి.

2. థర్మామీటరు ఉంటే జ్వరం చూడండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీటు, అంతకు మించితే జ్వరమే.

3. కాచి చల్లార్చిన నీళ్ళో పలచటి మజ్జిగో కొంచెం కొంచెంగా పట్టండి.

4. అమ్మకో అమ్మమ్మకో చెప్పి, ఉత్త నీటితో కడిగించండి. చెయ్యి ఎప్పుడూ ముందునుంచి వెనక్కే పోవాలి. వెనకనుంచి ముందుకు తెస్తే మలంలోని బాక్టీరియాను మనమే దారి చూపి తెచ్చినట్టు. మగపిల్లలకు ముందు చర్మాన్ని బలవంతంగా వెనక్కు లాగకూడదు. చిన్నతనంలో అది అతుక్కుని ఉండటం మామూలే.

5. జ్వరం, వాంతులు, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం – వీటిలో ఏది ఉన్నా, ఎనిమిది గంటలుగా ఒంటికి వెళ్ళకపోయినా, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే వెంటనే బయలుదేరాలి. ఇవేవీ లేకపోయినా మంట మర్నాటికి తగ్గకపోతే మూత్ర పరీక్ష చేయించాలి.

6. కిందటిసారి మిగిలిన బిళ్ళలు వేయకూడదు. షాపులో అడిగి కొన్న మందూ వద్దు. డాక్టరిచ్చిన మందును మంట తగ్గిందని మధ్యలో మానకూడదు. సగంలో మానితే చావని బాక్టీరియా మళ్ళీ పెరుగుతుంది. మందుకు లొంగని రకాలు మిగిలే ప్రమాదం కూడా ఉంది.

మరో మాట. ఎవరో తాకారనో, నొప్పి పెట్టారనో పిల్ల చెబితే దాన్ని కొట్టిపారేయకండి. నమ్మకమైన పెద్దవారికి వెంటనే చెప్పండి. పిల్లల సహాయానికి 1098 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇక మీ సంగతి

చెల్లికి చెప్పే నీతి మీకూ వర్తిస్తుంది. ఉదయం ఇంట్లో బయలుదేరింది మొదలు సాయంత్రం ఇల్లు చేరేదాకా ఒంటికి వెళ్ళకుండా ఉండే విద్యార్థినులు ఎందరో. వెళ్ళవలసి వస్తుందని నీళ్ళే తాగరు. మూత్రశాల తలుపుకు గడియ లేదని ఒకరు, నీళ్ళు రావని ఇంకొకరు, మేష్టారికి చిటికెనవేలు చూపిస్తే పిల్లలు నవ్వుతారని మరొకరు. కుంటలో లెక్క వీళ్ళకూ అంతే. అబ్బాయిలకూ, అమ్మాయిలకూ వేర్వేరు మూత్రశాలలు ప్రతి బడిలోనూ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అంటే ఇది దయతో చేసేది కాదు, మీకు రావలసినది.

ఈ వారం మీ తరగతిలో నలుగురు కలిసి ఒక పని చేయండి. మీ బడిలో మూత్రశాలలు ఎన్ని? వాటిలో నీళ్ళు వచ్చేవి ఎన్ని? గడియ పడేవి ఎన్ని? ఒక్కో దానికి ఎంతమంది విద్యార్థులు? పట్టిక వేసి మీ హెడ్మాస్టరుగారి చేతికి ఇవ్వండి. ఈలోగా రేపటినుంచి సంచిలో నీళ్ళ సీసా పెట్టుకోండి. రెండో పీరియడు అయ్యాక ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి ముందొకసారి ఒంటికి వెళ్ళి రండి. ఎవరైనా చిన్న తరగతి పిల్లవాడు వరండాలో కాళ్ళు మెలివేసుకుని నిలబడి కనిపిస్తే, వాడికి దారి చూపించి, తిరిగి వచ్చేదాకా బయట నిలబడండి.